ఆరోహణ వ్యాయామము - ఎముకల సాంద్రత

ఇంటికి దూలమెట్టిదో దేహమునకు ఎముక అట్టిదని చెప్పుట పరిపాటి. ఈ పోలిక కొంతవరకు సరియైనదే. కాని ఇంటిలో వేసిన దూలము వేసిననాటి లావుననే యుండును. పైన బరువు పెరిగినను అది లావెక్కదు. బరువు తీసివేసినను సన్నబడదు. సజీవమైన ఎముక తీరు వేరు. తనపై పడిన బలమును అది గుర్తించును. బలము పడినచోట గట్టిపడును. పని తప్పినచోట కరగిపోవును. దేహమునకు తాపీపనివారు లోపలనే కలరు. వారు రేయింబవళ్లు ఇంటిని కూల్చి కట్టుచునే యుందురు.

మెట్లెక్కుట, చెట్టెక్కుట, కొండ యెక్కుట, త్రాడు పట్టుకొని పైకి ప్రాకుట, వీనినన్నిటిని కలిపి ఆరోహణ వ్యాయామమనవచ్చును. ఇట్టి వ్యాయామమువలన ఎముకల సాంద్రత పెరుగునా? పెరిగినచో ఏ యెముకలందు పెరుగును? ఎంత వ్యాయామము చాలును? ఏ వయస్సున దానివలన హెచ్చు ఫలము కలుగును? ఈ ప్రశ్నలు వైద్యులకు మాత్రమే సంబంధించినవి కావు. ఉన్నత పాఠశాలలో చదువు బాలబాలికల వయస్సునకును వీనికిని దగ్గర సంబంధము కలదు.

ఎముక నిర్మాణము

ఎండిన ఎముకను చూచినవారికి అది రాతివలె తోచును. సజీవ దేహములోని ఎముకయందు రక్తనాళములు, నాడులు, జీవకణములు కలవు. దాని బరువులో సుమారు మూడింట రెండుపాళ్లు ఖనిజము. ఈ ఖనిజము ముఖ్యముగా ఖటికము, అనగా కాల్షియము, భాస్వరముతో కూడి యేర్పడిన సూక్ష్మ స్ఫటికముల రూపమున నుండును. మిగిలినదానిలో అధికభాగము కొల్లాజెన్ అను మాంసకృత్తు పోగులు. ఖనిజము నొక్కుడునకు తట్టుకొనును. పోగులు లాగుడునకు తట్టుకొనును.

ఈ విషయమును తరగతిలోనే చూపవచ్చును. శుభ్రము చేసిన కోడికాలి ఎముకను వెనిగరులో వేసి, వెనిగరును మార్చుచు కొన్ని దినము లుంచినచో ఖనిజము కరగిపోవును. మిగిలిన ఎముక ఆకారము చెడకుండనే రబ్బరువలె వంగును. మరియొక ఎముకను ఎఱ్ఱగా కాల్చినచో పోగులు మాడిపోవును. అది ఆకారమును నిలుపుకొన్నను చేతితో నొక్కగనే పొడియగును. గట్టిదనము ఖనిజమువలన, విరుగని గుణము పోగులవలన కలుగుచున్నవని ఈ రెండు ప్రయోగములును తెలుపును.

ఎముకను కోసి చూచినచో రెండు విధములైన నిర్మాణము కనబడును. వెలుపల దట్టమైన గట్టి పొర యుండును. లోపల, ముఖ్యముగా పొడుగు ఎముకల చివరలందును వెన్నుపూసలందును, స్పంజివంటి అల్లిక యుండును. ఈ అల్లికలో సన్నని కమ్మీలు, రేకులు ఒకదానితో నొకటి కలిసియుండును. వాని సందులలో మూలుగ నిండియుండును.

ఎముకయందు పనిచేయు కణములు ప్రధానముగా మూడు రకములు. మొదటివి పాత ఎముకను కరగించునవి. రెండవవి ఆ గుంటలో క్రొత్త ఎముకను కట్టునవి. మూడవవి కట్టుబడిలోనే చిక్కుకొని, సన్నని కాలువలద్వారా తమ పోగులను చాచి ఒకదాని నొకటి తాకుచు కావలి కాయునవి. పెద్దవారి అస్థిపంజరములో ఏటేట సుమారు పదవవంతు క్రొత్తదగుచుండును. కట్టుడు హెచ్చినచో ఎముక బలియును. కరగుడు హెచ్చినచో గుల్లయగును.

సాంద్రతను కొలుచు విధానము

భౌతికశాస్త్రమున సాంద్రత యనగా ఒక ఘనసెంటీమీటరులోగల ద్రవ్యరాశి. ఆస్పత్రులలో కొలుచు ఎముకల సాంద్రత దీనికి కొంచెము భిన్నమైనది. 1987 తరువాత వ్యాప్తికి వచ్చిన యంత్రములో రెండు వేర్వేరు శక్తులుగల ఎక్స్ కిరణములను దేహముగుండ పంపుదురు. మాంసము ఈ రెంటిని ఒక నిష్పత్తిలో ఆపును. ఎముక వేరొక నిష్పత్తిలో ఆపును. ఈ భేదమునుబట్టి మాంసమును విడదీసి ఎముకలోని ఖనిజమును మాత్రము లెక్కింపవచ్చును. ఆ ఖనిజపు గ్రాములను ఎముక నీడయొక్క వైశాల్యముచే భాగించినచో వచ్చు సంఖ్యయే ఎముకల సాంద్రత. కనుక ఇది చదరపు సెంటీమీటరునకు ఇన్ని గ్రాములని చెప్పబడును.

నీడకు మందము లేదు. అందుచేత ఒకే పదార్థముతో చేయబడిన రెండు ఎముకలలో లావైనది ఈ యంత్రమునకు హెచ్చు సాంద్రత గలదానివలె కనబడును. ఈ లోపమును జ్ఞప్తియందుంచుకొనుట యవసరము. 1994లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ఒక ప్రమాణమును నిర్ణయించెను. ఆరోగ్యవతులైన యువతుల సగటుకంటె రెండున్నర ప్రామాణిక విచలనములు, లేక అంతకు మించి, సాంద్రత తగ్గినచో దానిని బోలు ఎముకల వ్యాధిగా గ్రహింపవలెను. ఈ వ్యాధిగల వృద్ధులు చిన్నపాటి జారుడునకే తుంటి ఎముక విరిగి మంచము పట్టుదురు. వెన్నుపూసలు కూలి నడుము వంగిపోవుటయు దీనివలననే.

మెట్టుపై కాలు మోపినపుడు

నిలుచున్న మనిషి ఎముకలపై అతని బరువు మాత్రమే పడునని తోచుట సహజము. నిజమున కంతకంటె చాల ఎక్కువ పడును. దీనికి కారణము తులాదండ సూత్రమే.

60 కిలోగ్రాముల బరువుగల మనిషి ఒంటికాలిపై నిలిచినాడనుకొనుడు. నేలనున్న కాలి బరువు సుమారు 10 కిలోగ్రాములు. తక్కిన 50 కిలోగ్రాములు ఆ ప్రక్క తుంటికీలుపై ఆనవలెను. కాని యీ బరువు కీలునకు నేరుగా పైన లేదు, నడిమివైపున నున్నది. దేహము ఆ వైపునకు ఒరిగిపోకుండ తుంటికి వెలుపలి ప్రక్కనున్న కండరములు క్రిందికి లాగి పట్టవలెను. కీలునుండి ఈ కండరముల దూరము, బరువు దూరములో సుమారు సగము. దూరము సగమైనచో లాగవలసిన బలము రెట్టింపగును. అనగా 50 కిలోగ్రాములను నిలుపుటకు కండరము 100 కిలోగ్రాముల బరువుతో సమానముగా లాగవలెను. ఈ రెండు బలములును కలిసి కీలుపై పడును. స్థూలముగా 150 కిలోగ్రాములు, అనగా దేహపు బరువునకు రెండున్నర రెట్లు!

ఈ లెక్క కాగితముపై వ్రాసినది మాత్రమే కాదు. తుంటికీలు చెడినవారికి శస్త్రచికిత్సచేసి లోహపు కీలును అమర్చునపుడు, జర్మనీ పరిశోధకులు ఆ లోహములో బలమును కొలుచు సూక్ష్మ పరికరముల నుంచిరి. అవి తమ కొలతలను రేడియో తరంగముల ద్వారా బయటికి పంపెను. 2001లో ప్రకటింపబడిన ఫలితములనుబట్టి, గంటకు సుమారు 4 కిలోమీటర్ల వేగమున నడచునపుడు కీలుపై సగటున దేహభారమునకు నూటికి 238 వంతుల బలము పడినది. మెట్లెక్కునపుడు 251 వంతులు, దిగునపుడు 260 వంతులు పడినవి.

నడకకును మెట్లకును భేదము స్వల్పమేకదా యని విద్యార్థి ప్రశ్నింపవచ్చును. బలము విషయమున భేదము స్వల్పమే. అయితే ఎముకను మెలిపెట్టు బలము మెట్లెక్కునపుడు నడకలోకంటె సగటున నూటికి 23 వంతులు హెచ్చుగా నుండెను. మోకాలు వంచి, దేహమును ముందుకు వంచి, ఒక కాలిమీద బరువంతయు ఎత్తునపుడు తొడ ఎముకకు నిత్యపు నడకలో అలవాటులేని మెలికయు వంపును కలుగును. ఆరోహణముయొక్క విశేషమీ మెలికలోనే కలదు.

చేతులతో ఎక్కునపుడు ఈ విశేషము మరింత స్పష్టమగును. నడకలో చేతి ఎముకలపై బరువే పడదు. చెట్టెక్కువాడు, బండ యెక్కువాడు తన బరువును వ్రేళ్లకు, ముంజేతులకు, భుజములకు అప్పగించును. తాటిచెట్టు నెక్కు గీతకార్మికుడు మోకుపై వెనుకకు వ్రాలి, కాళ్లను మ్రానునకు అదిమి, అంచెలంచెలుగ పైకి పోవునపుడు కాలు, చేయి, నడుము ఒక్కసారిగా పనిచేయును. పెద్ద బండలనెక్కు క్రీడాకారుల వ్రేళ్లను ఎక్స్ కిరణములతో పరీక్షించి 2006లో ప్రకటించిన ఒక పరిశోధనలో, ఎక్కు అలవాటు లేనివారికంటె వారి వ్రేలి ఎముకలు లావుగాను బలముగాను ఉన్నట్లు తేలినది.

ఇంజనీరు చూచిన ఎముక

ఎముక ఆకారమునకును అది మోయు బరువునకును సంబంధము కలదని మొదట గణితరీత్యా ఆలోచించినవారిలో గెలీలియో ఒకడు. 1638లో ప్రకటించిన గ్రంథమునందు అతడు చిన్న జంతువు ఎముకను, దానికి మూడురెట్లు పొడవైన ఎముకను ప్రక్కప్రక్కన చిత్రించెను. జంతువు పెరిగినకొలది బరువు ఘనముగా పెరుగును. ఎముక అడ్డుకోత వైశాల్యము వర్గముగా మాత్రమే పెరుగును. కావున పెద్ద జంతువు ఎముక నిడివికి మించిన లావును పొందినగాని నిలువలేదు.

1866 ప్రాంతమున స్విట్జర్లండులోని జూరిచ్ నగరమున ఒక ముచ్చట జరిగెను. శరీరనిర్మాణ శాస్త్రజ్ఞుడైన మేయర్ తొడ ఎముక తలను నిలువుగా కోసి, లోపలి స్పంజి కమ్మీల వరుసలను చూపెను. ఆ చిత్రమును చూచిన కుల్మన్ అను ఇంజనీరు ఆశ్చర్యపడెను. బరువు నెత్తు వంపు క్రేనులో నొక్కుడు, లాగుడు బలములు ఏ గీతల వెంట పోవునని తాను లెక్కించెనో, ఇంచుమించు ఆ గీతలే ఎముకలోను కనబడుచున్నవి! ఈ పోలికను పునాదిగా గొని జర్మనీ వైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లో ఒక సూత్రమును ప్రతిపాదించెను. ఎముకపై పడు బలములు మారినచో దాని లోపలి అల్లికయు, పిమ్మట వెలుపలి ఆకారమును వానికనుగుణముగా మారునని దాని సారాంశము. ఆతని గణితములో లోపములున్నవని తరువాతివారు చూపిరి. కాని మూలభావము నేటికిని నిలిచియున్నది.

ప్రయోగముల సాక్ష్యము

మనుష్యులలో దీనికి చక్కని సాక్ష్యము టెన్నిసు ఆటగాండ్రు. వారి రెండు చేతులును ఒకే రక్తమును, ఒకే ఆహారమును పొందుచున్నవి. భేదమొక్కటే: ఒక చేయి బంతిని కొట్టుచున్నది, రెండవది కొట్టుటలేదు. 1977లో ప్రకటించిన పరిశోధనలో ఆటచేతి పైయెముకయొక్క గట్టి పొర, రెండవచేతి దానికంటె పురుషులలో నూటికి సుమారు 35 వంతులు, స్త్రీలలో 28 వంతులు మందముగా నుండెను. బలము పడినచోటనే ఎముక పెరుగునని, దేహమంతట పెరుగదని దీనివలన స్పష్టమగుచున్నది.

ఆరోహణము విషయమున సూటియైన ప్రయోగములు జపానులో జరిగినవి. ఎలుకల బోనులపై 200 సెంటీమీటర్ల ఎత్తుగల వలగోపురముల నమర్చి, త్రాగునీటి సీసాను శిఖరమున కట్టిరి. దాహమైన ప్రతిసారి ఎలుక పైకి ఎక్కవలసినదే. ఎలుకలను కొట్టలేదు, బెదరింపలేదు. ఎక్కుట వాటి దినచర్యలో భాగమైనది. పెరుగుచున్న ఎలుకలపై జరిగిన ఈ పరిశోధన 2001లో వెలువడెను. ఎక్కిన ఎలుకల ఎముక హెచ్చెను. వాని తొడ ఎముకలను విరుచుటకు హెచ్చు బలము కావలసివచ్చెను. చుంచెలుకలతో 100 సెంటీమీటర్ల గోపురమున చేసిన మరియొక పరిశోధన 2003లో వెలువడెను. దానిలో 28 దినములకే తొడ ఎముక సాంద్రత పెరిగినట్లు కనబడెను. మొదటి దినములలో ఎముకను కరగించు కణములు తగ్గెను. తరువాత కట్టు కణముల పని హెచ్చెను.

ఎంత వ్యాయామము చాలును? 1984లో వెలువడిన ప్రయోగమొకటి దీనికి విచిత్రమైన సమాధానము నిచ్చినది. కోడిపుంజుల రెక్క ఎముకకు సహజముగా కలుగు బలములు తగులకుండచేసి, యంత్రముతో దినమునకు నిర్ణీత సంఖ్యలో వంచిరి. అసలు వంపనిచో ఎముక కరగెను. దినమునకు 4 మారులు వంచినచో కరగుట ఆగెను. 36 మారులు వంచినచో ఎముక పెరిగెను. 360 మారులు, 1,800 మారులు వంచినను 36 మారులకు కలిగిన ఫలముకంటె హెచ్చు కలుగలేదు. టర్కీకోళ్లపై జరిగిన మరియొక ప్రయోగమున బరువును కదల్చక అట్లే నిలిపియుంచగా, బరువులేని ఎముకవలెనే అదియు కరగిపోయెను. ఎముకకు కావలసినది మోత కాదు, కదలిక.

కణమునకు బలమెట్లు తెలియును?

వేగముగా పరుగెత్తునపుడో దూకునపుడో ఎముక ఒక మీటరు నిడివికి రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున కురుచయగునని జంతువులలో కొలిచిరి. ఇంత స్వల్పమైన మార్పు కంటికి కనబడదు. కాని కావలి కణములకు తెలియును. అవి నివసించు గదులను కలుపు సన్నని కాలువలలో ద్రవము నిండియుండును. తడిసిన స్పంజిని నొక్కినచో నీరు ప్రక్కకు పారునట్లు, ఎముక వంగినపుడు ఈ ద్రవము కాలువలలో పారును. ఆ పారుదల కణముల పోగులను లాగును. నిలకడగా నొక్కి పట్టినచో నీరు ఒకసారి పారి ఆగిపోవును. నొక్కి వదలుచున్నచో మరల మరల పారును. కదలని బరువు ఎందులకు పనికిరాలేదో దీనివలన బోధపడును.

కావలి కణములు స్క్లిరోస్టిన్ అను మాంసకృత్తును తయారుచేయును. ఇది కట్టు కణముల పనికి అడ్డు తగులును. బలము పడినచోట కావలి కణములు దీనిని తగ్గించును. అడ్డు తొలగి కట్టుడు సాగును. బలము లేనిచోట స్క్లిరోస్టిన్ పెరుగును. అంతరిక్షములో నెలలకొలది నివసించిన యాత్రికులకు తుంటి ఎముక సాంద్రత నెలకు నూటికి ఒకటి, ఒకటిన్నర వంతుల చొప్పున తగ్గెను. వారికి ఆహారలోపము లేదు. భూమ్యాకర్షణ తెలియకపోవుటయే లోపము. వ్యాయామ సాధనములు మెరుగుపడిన తరువాత ఈ నష్టము కొంత తగ్గినది.

ఈ కణములు త్వరలోనే విసుగుచెందును. ఒకే రీతి వంపు మరల మరల కలిగినచో అవి ప్రతిస్పందించుట మానును. కొన్ని గంటల విశ్రాంతి తరువాత మరల మేల్కొనును. ఎలుకల ముంజేతి ఎముకను దినమునకు 360 మారులు ఒక్క విడతగా వంచుటకంటె, 90 మారుల చొప్పున నాలుగు విడతలుగా వంచినచో హెచ్చు ఎముక పెరిగినట్లు ప్రయోగములు చూపినవి. తిరుపతిలో అలిపిరినుండి తిరుమలకు సుమారు 3,550 మెట్లు కలవు. ఏటికొకమారు ఆ మెట్లెక్కు భక్తునకు కలుగు పుణ్యము మాట ఎట్లున్నను, ఎముక దృష్టితో చూచినచో ఆ ఒక్కనాటి శ్రమలో మొదటి కొన్ని పదుల మెట్లకే ప్రయోజనము తీరినట్లు. ప్రతిదినము ఉదయము కొన్ని, సాయంకాలము కొన్ని మెట్లు చురుకుగా ఎక్కువాడే ఎముకను పెంచువాడు.

సాంద్రతయే బలము కాదు

ఇచట ఒక హెచ్చరిక అవసరము. ఎముక బలమునకు సాంద్రత ఒక గుర్తు మాత్రమే. దీనికి తెలుగుదేశము చాల బాధాకరమైన సాక్ష్యమును లోకమున కిచ్చినది. 1937లో అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా గ్రామములందు బావినీటిలోని ఫ్లోరైడువలన కలుగు ఎముకల వ్యాధి వర్ణింపబడెను. నల్లగొండ జిల్లా గ్రామములును దీనిచే దీర్ఘకాలము బాధపడినవి. ఈ రోగుల వెన్నెముకను ఎక్స్ కిరణములతో చూచినచో సుద్దవలె తెల్లగా, మిక్కిలి దట్టముగా కనబడును. సాంద్రతయే బలమైనచో వీరు అందరికంటె బలిష్ఠులు కావలెను. నిజమునకు వీరి నడుము వంగదు, కీళ్లు కదలవు.

ఫ్లోరైడును మందుగా వాడి ఎముకలను బలపరుపవచ్చునను ఆశతో అమెరికాలో వృద్ధస్త్రీలపై జరిపిన పరీక్ష 1990లో వెలువడెను. నాలుగు సంవత్సరములలో వారి నడుము వెన్నుపూసల సాంద్రత నూటికి 35 వంతులు పెరిగెను. అయినను వెన్నుపూసలు కూలుట చెప్పుకొనదగినంతగా తగ్గలేదు. ఇతర ఎముకలు విరుగుట పెరిగెను. ఎక్కడ కావలెనో తెలియక పోసిన సున్నమువంటిది ఆ ఖనిజము.

వ్యాయామమువలన పెరుగు ఎముక అట్టిది కాదు. అది బలము పడు గీతల వెంటనే చేరును. పొడుగు ఎముకలలో వెలుపలి అంచున చేరును. ఒకే బరువుగల ఇనుముతో చేసిన కడ్డీకంటె గొట్టము వంపునకు హెచ్చుగా తట్టుకొనునని భౌతికశాస్త్ర విద్యార్థులెరుగుదురు. మధ్యరేఖకు దూరముగా చేరిన పదార్థము హెచ్చు పనిచేయును. అందుచేత యంత్రము చూపు సాంద్రతలో కొద్ది పెరుగుదల మాత్రమే యున్నను బలములో అంతకు మించిన పెరుగుదల యుండవచ్చును.

ఏ వయస్సున?

పెద్దవారిలో మెట్లెక్కుట, దూకుట, బరువులెత్తుట మొదలగు వ్యాయామములవలన కలుగు సాంద్రతాభేదము సాధారణముగ నూటికి ఒకటి రెండు వంతులు. వయస్సుతోపాటు జరుగు నష్టమును ఆపుటయే అప్పుడు ముఖ్య ప్రయోజనము. పెరుగుచున్న వయస్సులో సంగతి వేరు. కెనడాలో బాలబాలికలను ఏటేట కొలిచి 1999లో ప్రకటించిన పరిశోధనలో ఒక ముఖ్యవిషయము తేలినది. ఎముకలో ఖనిజము అతివేగముగా చేరు వయస్సు బాలికలకు సుమారు పండ్రెండున్నర, బాలురకు పదునాలుగు. ఆ వేగము హెచ్చుగానుండు రెండేండ్లలోనే యౌవనమునాటికి ఉండవలసిన ఖనిజములో నాలుగవవంతు దేహమున చేరును. వృద్ధాప్యమున అంతటి ఖనిజమును పోగొట్టుకొనుటకు అనేక సంవత్సరములు పట్టును.

ఈ వయస్సున కట్టిన ఎముక నిలుచునా? బేస్‌బాల్ ఆటలో బంతి విసరువారి చేతులను పరీక్షించి 2014లో ప్రకటించిన పరిశోధన దీనికి సమాధానము. ఆట మానిన పలు దశాబ్దముల తరువాత విసరుచేతి ఎముకలో అధికముగా చేరిన ఖనిజము పోయినది. కాని యౌవనమున పెరిగిన లావులో సగమును, బలములో మూడవవంతును జీవితాంతము మిగిలినవి. బాల్యపు ఆట వృద్ధాప్యమున ఊతకర్ర యగుచున్నది.

ఉపాధ్యాయులు ఆలోచింపవలసిన విషయమిదియే. ఆరవ తరగతి వరకు జామచెట్టెక్కి కాయలు కోసిన బాలికను, ఏడు ఎనిమిది తరగతులలో, పెద్దదైనదను మాటతో ఆటస్థలమునుండి తప్పించుట అనేక గృహములందును, కొన్ని పాఠశాలలందును కలదు. ఆమె ఎముకలు ఖనిజమునకై చేయి చాచు రెండేండ్లును సరిగా అప్పుడే వచ్చును. ఏబది యేండ్లకు అటునిటుగా ఋతుక్రమము ఆగినపిమ్మట, ఎముకను కాపాడు స్త్రీహార్మోను తగ్గి, ఎముక త్వరత్వరగా కరగునదియు ఆమెకే. అప్పుడు ఖర్చుచేయవలసిన ధనమును ఇప్పుడే కూడబెట్టుకొనవలెను. బాలికలను ఆటస్థలమునుండి తొలగించు పాఠశాల, తెలియకయే, ఆమె ముదిమినాటి నిల్వను తగ్గించుచున్నది.

ఆచరణలో

దీనికి ఖరీదైన సాధనములు అవసరములేదు. పాఠశాలకు మేడ యున్నచో మెట్లున్నవి. ఒక బలమైన నిచ్చెన, ముడులు వేసిన మోకు, గోడకు బిగించిన అడ్డుకమ్మీలు, క్రింద ఇసుక గుంట యున్నచో ఆరోహణ వ్యాయామశాల సిద్ధమైనట్లే. ఎక్కి క్రిందికి దూకుట ఎముకకు మరింత మేలు. ఎలుకలపై జరిపిన 1997నాటి ప్రయోగమున దినమునకు అయిదు దూకులే ఎముకను పెంచుటకు చాలినవి. ఉదయము ప్రార్థనకు ముందు పది నిమిషములు, సాయంకాలము పది నిమిషములు చాలును. ఒకే రీతిగాక రోజుకొక రీతిగా నుండుట మంచిది.

వ్యాయామము తాపీపనివారిని పిలుచును. ఇటుకలను తెచ్చునది ఆహారమే. పాలు, పెరుగు, రాగులు, నువ్వులు, ఆకుకూరలు, ఎముకలతో తిను చిన్న చేపలు కాల్షియము నిచ్చును. చర్మముపై పడు ఎండవలన కలుగు డి విటమిను లేనిదే ఆ కాల్షియము ప్రేవులనుండి రక్తములోనికి చక్కగా చేరదు. కడుపునిండ తినక వ్యాయామము చేయువారికి ఎముక పెరుగుటకు మారు తరుగుటయు కలదు.

వృద్ధుల విషయమున జాగ్రత్త వహింపవలెను. ఎముకలు గుల్లబారినవారికి చెట్లు, నిచ్చెనలు తగవు. ప్రక్కకమ్మీ పట్టుకొని మెట్లెక్కుటయు వైద్యుని సలహాతోనే చేయవలెను. వారికి పడకుండుటయే మొదటి రక్షణ. కాళ్ల కండరములు బలపడినచో పడుటయు తగ్గును.

ఎముక జ్ఞాపకశక్తి గల వస్తువు. పండ్రెండేండ్ల వయస్సున ఎక్కిన మెట్టు డెబ్బదియేండ్ల వయస్సున కాలు జారినపుడు లెక్కకు వచ్చును. ఆ మెట్టు నెక్కించు అవకాశము ఉన్నత పాఠశాలకే కలదు.